బాపు కార్జం, నా నోటి దూల

తాను అబద్ధం ఆడడం లేదని నిరూపించుకోవడానికి మా బాపు నా కళ్ల ముందే ఉచ్చ పోసి చూపించాడు. ఇది నలుగురిలో చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ దీన్ని దాటేసి మిగతాది చెప్పడం కుదరదు. ముక్కు మూసుకుని అయినా వినండి.

నేను నల్లగొండలో ఒక మందుల దుకాణంలో పని చేస్తాను. అమ్మా బాపూ మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో గొర్రెలు కాసుకుంటూ ఉంటారు. అప్పటికి బాపు టీబీ మందులు మొదలుపెట్టి రెండు నెలలైంది. ఈపాటికి తెమడలో పురుగు మాయం కావాలి. కాలేదు. ఇంకా ఉందని రాసిన రిపోర్టు ఫొటో నా ఫోన్‌లోకి రాగానే నాకు మొత్తం అర్థమైపోయింది. ముసలోడు గోలీలు మింగకుండా దొడ్లో పారేస్తున్నాడు. డాక్టర్లకైతే పరీక్షలు, ఎక్స్‌రేలు కావాలి. మందుల దుకాణం వాడికి అవన్నీ ఎందుకు? సెలవు దొరికిన రోజు మొదటి బస్సు పట్టుకుని ఊరికి పోయాను.

బాపు దొడ్డి ముందు కూర్చుని ఒక పొట్టేలు గిట్ట ఎత్తి చూస్తున్నాడు. నేను చెప్పులైనా విడవకుండా మొదలుపెట్టాను.

“బాపూ, నిజం చెప్పు. గోలీలు మింగుతున్నవా, పారేస్తున్నవా?”

ఆయన తల ఎత్తలేదు. “మింగుతున్న.”

“మింగితే పురుగెందుకు చస్తలేదు?”

“నన్నెందుకు అడుగుతున్నవ్ రా? పురుగునడుగు.”

“ఆటలాడకు బాపూ. నీ అసోంటోళ్లను దుకాణంల రోజూ చూస్తున్న. మింగినమనే అంటరు అందరు.”

పొట్టేలును వదిలేసి లేచాడు. నా రెక్క పట్టుకుని దొడ్డి వెనక్కి తీసుకుపోయాడు. అక్కడొక తెల్లటి బండ ఉంది. నాకు విషయం అర్థమై అటు తిరగబోతే “ఇటు సూడు” అని గదిమాడు. చూశాను. హోలీకి మోదుగు పూలు ఉడకబెట్టిన నీళ్ల రంగులో ఉంది.

“మందు మింగనోనికి గీ రంగు వస్తదా? సెప్పు, సదువుకున్నోనివి గద.”

టీబీ గోలీల్లో ఎర్ర మందు ఒకటి ఉంటుంది. అది మింగితే ఉచ్చ, చెమట, కన్నీళ్లు అన్నీ ఆ రంగే. అది నాకు తెలుసు. అక్కడితో తప్పైందని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకునే రకమా?

“ఇయ్యాల పొద్దున ఒక్కటి మింగినా గీ రంగే వస్తది” అన్నాను.

బాపు నా వైపు ఒకసారి చూసి పంచె సరిచేసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఎందుకంటే బాపు అబద్ధం ఆడడు. ఇది కొడుకునై చెప్పుకునే గొప్ప కాదు, మా ఇంట్లో ఇదొక పీడ. గొర్రెను కొనడానికి వచ్చినవాడు పళ్లు చూడకముందే, “దీనికి కింది పన్ను ఊగుతాంది, సూస్కో” అని తనే చెప్పేస్తాడు. వచ్చినవాడు చూసుకుని వెళ్లిపోతాడు. ఆ పూట అమ్మ వంట చేస్తూ గిన్నెలతో మాట్లాడుతుంది. అలాంటి మనిషిని పట్టుకుని నేను దొంగ అన్నాను.

అసలు దగ్గు మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మా మండలంలో ఏ రోగం వచ్చినా నీళ్ల మీదికి తోసేయడం అలవాటు. పళ్లు పచ్చబడినా, నడుము వంగినా, అల్లుడు అలిగి పోయినా ఫ్లోరైడ్ నీళ్లే కారణం. ఇప్పుడు ఇంటింటికీ నల్లా నీళ్లు వస్తున్నాయి, తిట్టుకోవడానికి ఆ ఆసరా కూడా లేకుండా పోయింది. అందుకని ఈసారి గొంగడి దుమ్మును తిట్టారు. బాపు బక్కచిక్కి, మందతో గుట్ట ఎక్కలేక సగంలో కూర్చుండిపోయిన రోజున దవాఖానకు తీసుకుపోయారు. టీబీ అన్నారు. గోలీలు ఇచ్చి, పొద్దున్నే పరగడుపున వేసుకోవాలని చెప్పి పంపారు.

మొదటి వారమంతా బాపు గోలీ వేసుకోవడం, కక్కుకోవడం. అమ్మ నాకు ఫోన్ చేసింది. దుకాణంలో గిరాకీ మీదున్నాను, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడాను.

“కొడుకా, మీ బాపు గోలీ ఏసుకున్నడంటే కక్కుతున్నడు. ఏం జేద్దాం?”

“తిన్నంక ఏసుకోమను. కడుపు నిండ తిన్నంక.”

అర నిమిషంలో సమస్య తీర్చి ఫోన్ పెట్టేశాను. కౌంటర్ వెనక నిలబడి ఇన్నేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికిన మాట అదే. తలనొప్పికి, నడుము నొప్పికి, జ్వరానికి, ఏ గోలీల పట్టీ కత్తిరించి ఇచ్చినా “తిన్నాక వేసుకో” అనేస్తాను. అది నాకు వైద్యం కాదు, ఊతపదం. కానీ కక్కులు నిజంగానే ఆగిపోయాయి. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. దవాఖానలో చేతకానిది ఫోన్‌లో చేశానని మా సేటుకు కూడా చెప్పుకున్నాను.

అమ్మ నా మాటను ఇంకో మెట్టు ఎక్కించింది. కడుపు నిండా అంటే ఆవిడకు కడుపు నిండానే. పొద్దున్నే గొర్రె కాళ్ల షోర్వ, మీద వేలెడు మందాన తేలే కొవ్వు, అందులో నానబెట్టిన రెండు జొన్న రొట్టెలు, పైన రెండు గుడ్లు. అవన్నీ అయ్యాక గోలీలు. బాపు బుగ్గలు నిండాయి. ఊళ్లో వాళ్లు వచ్చి, “టీబీ నీకు బాగ ఒంటబట్టింది” అని పోయేవాళ్లు. మనిషి తేరుకున్నాడు, పురుగు కూడా తేరుకుంది. ఆ రెండోది రిపోర్టు వస్తే గానీ మాకు తెలియలేదు.

ఉచ్చ సాక్ష్యం తరువాత కూడా నా అనుమానం తీరలేదు. దర్యాప్తు చేశాను. రోజూ ఇంటికి వచ్చి బాపుతో గోలీలు వేయించే ఊరి ఆశా వర్కర్‌ను పోయి అడిగాను.

“అన్నా, నా ముంగటనే మింగుతడు. మింగి నోరు తెరిసి, నాలిక లేపి మరీ సూపిస్తడు. సాలు పెద్దనాయినా అన్నా ఇడిసిపెట్టడు, ఆ పక్క గూడ సూడు అంటడు.”

జీవితమంతా గొర్రెల నోళ్లు తెరిచి చూసిన మనిషికి తన నోరు తెరిచి చూపించే అవకాశం వచ్చిందని సంబరం కాబోలు.

అయితే కల్లు తాగుతున్నాడేమో అనుకున్నాను. తాటివనానికి పోయి, మా వాడకు కల్లు పోసే ఆయన్ని అడిగాను. ఆయన మోకు భుజాన వేసుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“రెండు నెలలాయె మీ బాపు గిటు దిక్కు రాక. నేనే తోవల ఆపి ఒక్క బుడ్డి తాగరాదే అంటే, డాక్టరు వద్దన్నడని పోయిండు. గీ గోలీలేమో గని నా గిరాకీ ఖరాబ్ చేసినయి.”

నేను కల్లు దగ్గరికి పోయి అడిగిన సంగతి సాయంత్రానికల్లా బాపుకు తెలిసింది. మా ఊళ్లో మాట మందకన్నా ముందే ఇల్లు చేరుతుంది. ఆయన అన్నం ముందు పెట్టుకుని, “రేపు నల్లగొండ పెద్ద దవాఖానకు పోదాం పా. ఆడనన్న నా మాట నమ్ముతరేమో” అన్నాడు.

నిజానికి ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. మందుకు లొంగని టీబీ అని తేలితే ఇంకా పెద్ద మందులు, ఇంకా ఎక్కువ నెలలు. మందను ఎవరు కాస్తారు? అంతకన్నా, గుట్ట మీద సగంలో కూర్చుండిపోయిన రోజు ఆయన మనసులోంచి పోలేదు. మళ్లీ అలా కూర్చుంటే లేవనని అమ్మతో అన్నాడట. నాకు ఆ మాట తరువాత తెలిసింది.

పెద్ద దవాఖానలో టీబీ చూసే డాక్టరమ్మ పాలమూరు పిల్ల. మా భాషే మాట్లాడుతుంది, దాంతో బాపు ఆమెను క్షణంలో నమ్మేశాడు. తెమడ మళ్లీ తీసుకుని, పురుగు మందుకు లొంగే రకమో కాదో చూసే పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన రోజు మళ్లీ పోయాం.

“పురుగు లొంగే రకమే. ఈ గోలీలకు చావాలె” అంది.

నేను అందుకున్నాను. “అంటే మింగుతలేడన్నట్టే గద మేడం?”

ఆమె నా వైపు చూడనే లేదు. “పెద్దయ్యా, గోలీలు వేసుకునే ముందు పొద్దున ఏం తింటరు?”

తిండి గురించి అడిగితే బాపుకు హుషారు వస్తుంది. కాళ్లు కాల్చడం దగ్గర మొదలుపెట్టాడు. షోర్వ ఎంతసేపు మరగాలో, కొవ్వు ఎందుకు తీసేయకూడదో, జొన్న రొట్టె ఎందుకు తుంచి వేయాలో అన్నీ చెప్పాడు. డాక్టరమ్మ రాయడం ఆపేసి పెన్ను బల్ల మీద పెట్టింది.

“ఇవన్నీ తిన్నంక గోలీలా?”

“తిన్నంకనే. కడుపు నిండ.”

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. “పెద్దయ్యా, గోలీ మింగంగనే పురుగు చావది. అది కడుపుల కరగాలె, రక్తంలకు దిగాలె, రక్తం ఎంబడి ఊపిరితిత్తులకు పోవాలె. ఆడ పురుగు మీద ఒక్కసారే గట్టిగ పడాలె. మెల్లమెల్లగ జరంత జరంత పడితే పురుగు ఓర్చుకుంటది. తెలిసిందా?”

“తెలిసింది. మరి పోతలేదా?”

“పోయే తోవల కార్జం ఉంటది, అదే లివర్. బయటినుంచి ఏమొచ్చినా కార్జానికి అనుమానమే. మందును పట్టి, దాని రూపం మార్చి, బయటికి తోలేస్తది. మీరేసుకునే మందులల్ల ఒకటుంది, కార్జం దాని రూపం మారిస్తే ఇగ అది పురుగునేం చెయ్యలేదు. కొందరి కార్జం ఈ పని నిమ్మళంగ చేస్తది. మందు ఒంట్లె శానసేపు ఉంటది. కొందరిది జల్దిజల్ది చేస్తది. అది పుట్టుకతోని వచ్చే గుణం.”

“నాది జల్ది చేసేదా?” అన్నాడు బాపు. గొంతులో కొంచెం గర్వం కూడా వినిపించింది.

“కావొచ్చు. గీడ దానికి పరీక్ష లేదు, నేను అనుకుంటున్న అంతే. ఇగ ఎర్ర మందుది ఇంకో కథ. అది కొన్ని వారాలు ఒంట్లె ఉంటే, నన్ను ఇంకా జల్ది తోలెయ్యి అని కార్జానికి అదే నేర్పుతది.”

“థూ, దానికి సిగ్గు లేదా?” అన్నాడు బాపు.

ఆమెకు నవ్వు వచ్చింది. “గందుకే, ఎక్కేటప్పుడే నిండుగ ఎక్కాలె. మీరేమో కొవ్వు తాగి దాని మీద గోలీ వేస్తున్నరు. కొవ్వు ఉంటే మందు ఆలస్యంగ ఎక్కుతది, తక్కువ ఎక్కుతది. ఎక్కిన ఆ జరంతను మీ కార్జం ఊడ్చేస్తాంది. పురుగు దాకా పోయేదేంది?”

బాపు బల్ల మీదికి వంగాడు. “మరి ఉచ్చ ఎర్రగనే వస్తాంది గద డాక్టరమ్మా?”

“వస్తది. మందు లోపలికి పోయిందని, మళ్ల బయటికి వచ్చిందని దానికి అర్థం. నడుమ ఎంత పని చేసిందో ఉచ్చ చెప్పదు.”

నాకు దొడ్డి వెనక తెల్ల బండ గుర్తొచ్చింది. ఆయన చూపించిన సాక్ష్యం నిజమే. నేనే దాన్ని నమ్మలేదు.

అప్పుడు డాక్టరమ్మ అడిగింది. “పరగడుపున వేసుకోవాలని మొదలే చెప్పిన్రు గద? తిన్నంక వేసుకోమని ఎవరు చెప్పిన్రు?”

నా చేతిలో ఫైలు ఉంది. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలతో ఒక కాగితం అతికించి ఉంది. నేను దాన్ని చదవడం మొదలుపెట్టాను. ప్రతి పట్టీకి ఒక మాట చెప్పే నా నోరు ఆ ఒక్క నిమిషం మూతపడింది.

“ఎవలు సెప్పలే” అన్నాడు బాపు. “కక్కొస్తాంటే నాకే బుద్ధి పుట్టి తిని ఏసుకున్న.”

“మీకు బుద్ధి పుడితే ఎట్లా పెద్దయ్యా? అడగాలె గద. రెండు నెలల మందు గంగల పోసినట్టాయె” అని ఆమె మందలించింది. బాపు తల వంచుకుని అన్నీ విన్నాడు. గొర్రె పన్ను గురించి కూడా దాచలేని మనిషి. నేను ఆరో బొమ్మ దాకా వచ్చాను. వేళ్ల సందుల్లో కూడా రుద్దుకోవాలట.

బస్టాండ్‌లో కూర్చున్నాం. బాపే మొదలుపెట్టాడు, ఏదో మామూలు ముచ్చట చెప్పినట్టు.

“గొర్లకు నట్టల మందు తాపేటప్పుడు ఎట్ల జేస్తం?”

నట్టలంటే కడుపులో పురుగులు. ఆ మందు తాపడం మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ ఉన్న పని. ముందు రోజు సాయంత్రమే మేత బంద్. రాత్రంతా మంద ఆకలికి అరుస్తుంది. పొద్దున్నే కడుపులు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కొక్కదాన్ని కాళ్ల నడుమ పట్టుకుని తాపాలి. తాపాక కూడా ఎండ ఎక్కేదాకా మేపకూడదు. చిన్నప్పుడు జాలిపడి ఒక పిల్లకు నేను ఆకు వేస్తే బాపు నా వీపు చీరేశాడు.

“పరగడుపున” అన్నాను.

“ఆఁ. మేసిన గొర్రెకు తాపితే మందు మేతల కలిసిపోతది, నట్ట సావది. గది నాకెరుకే.”

“ఎరుకుండి మరి నువ్వెందుకు తిని ఏసుకున్నవ్ బాపూ?”

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. అదే నాకు తట్టుకోలేనట్టు అనిపించింది.

“నువ్వు సెప్పినవ్ గద” అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఏడ్చాను. బస్టాండ్‌లో, వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ ముందు. బాపు ఒక పొట్లం కొనిచ్చి, “తిను, నీకైతే పరగడుపు అవసరం లేదు” అన్నాడు.

మర్నాటి నుంచి షోర్వ పొద్దుటి పూట బందైంది. అమ్మ అలిగింది. డాక్టరమ్మ చెప్పినట్టు లేవగానే గోలీలు, ఆ తరువాత గంటదాకా ఏమీ లేదు. ఆ గంట తెలియడానికి బాపు గడియారం పెట్టుకోలేదు. గోలీలు మింగి మందను విప్పుతాడు. మంద గుట్ట మెడ దాకా ఎక్కేసరికి గంట అవుతుంది. అక్కడ కూర్చుని సద్ది మూట విప్పుతాడు. మొదట్లో తోవలో కక్కొచ్చినట్టయ్యేది. నోట్లో చింతాకు పెట్టుకుని ఊస్తూ నడిచేవాడు. కక్కలేదు. పట్టుదలతో మింగేశాడు.

ఇంకోపక్క కార్జం పేరు చెప్పి ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. “నా కార్జం ఉత్తగ లేదు, డాక్టరమ్మే అన్నది. మందునే నిలువనిస్తలేదట” అని. కావొచ్చు అని మాత్రమే ఆమె అన్నదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. కల్లు పోసే ఆయన అయితే, “గట్లయితే నా కల్లు నీ కార్జాన్ని ఏం చేస్తది, రా” అని కొత్త తోవ వెతికాడు. బాపు పోలేదు.

తరువాతి పరీక్షలో పురుగు లేదు. ఆ తరువాత కూడా లేదు. మందులు మాత్రం ముందు అనుకున్నదానికన్నా ఎక్కువ నెలలే వాడాల్సి వచ్చింది. కోర్సు అయిపోయిన రోజు పెద్ద దవాఖానకు మేమిద్దరం పోయాం. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ నవ్వింది.

“పెద్దయ్యా, బాగైంది. మంచిగ చెప్పినట్టు విన్నరు.”

“నాదేముంది డాక్టరమ్మా. నా కొడుకు మందుల దుకాణంల ఉంటడు. అన్ని వాడే సూసుకున్నడు” అన్నాడు బాపు. నన్ను కొంచెం ముందుకు తోశాడు కూడా.

ఆమె నా వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపును నేను ఓర్చుకోలేకపోయాను.

“మేడం, తిన్నంక వేసుకోమని ఆయనకు చెప్పింది నేనే. ఆ రోజు మీ ముంగట నోరు మూసుకున్న.”

ఆమె ఫైలు మూసి, “దుకాణంల నోరు తెరిచేముందు పట్టీ తిప్పి చదువుండ్రి” అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు, అంతకన్నా ఎక్కువే అనాలి. ఇప్పుడు నేను పట్టీ తిప్పి చదువుతాను. గిరాకీ ఎంతున్నా చదువుతాను. అర్థం కాకపోతే డాక్టర్నే అడగమంటాను. మా సేటుకు నా మీద మంట.

బాపు మాత్రం బస్సు ఎక్కేదాకా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. దొడ్డి వెనక నేను దొంగన్న రోజు కూడా ఇంత బిగుసుకోలేదు. బస్సు ఊరు దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు.

“రెండుసార్లు నన్ను అబద్ధాలకోరును జేసినవ్ రా కొడుకా. మొదటిసారేమో నేను అబద్ధమే ఆడలే. రెండోసారి నీకోసం ఒక్కటి ఆడితే, అది గూడ నిలువనియ్యకపోతివి.”